తెల్లవారుజామున 1 డాలరు, అరగంటకి 412 డాలర్లు: కార్డు నా పర్సులోనే ఉంది

కృష్ణలంక_అబ్బాయి:
నిన్న తెల్లవారుజామున 3:12కి ఫోన్ గుయ్‌మంది. నిద్రమత్తులో పట్టించుకోలేదు. లేచి చూస్తే వరసగా మెసేజ్‌లు. మొదటిది 1 డాలరు, ఎప్పుడూ వినని బట్టల షాపు. నాలుగు నిమిషాలకి ఇంకో పేరు మీద 1.50 డాలర్లు. 3:40కి ఎలక్ట్రానిక్స్ షాపులో 412 డాలర్లు. ఆ తర్వాత 600కి ప్రయత్నిస్తే బ్యాంకే ఆపి కార్డు బ్లాక్ చేసింది. ఒక్క ఓటీపీ రాలేదు. కార్డు పర్సులోనే ఉంది, నంబరు ఎవరికీ చెప్పలేదు, ఏ లింకూ నొక్కలేదు. మార్చిలో థాయ్‌లాండ్ వెళ్లినప్పుడు ఇంటర్నేషనల్ వాడకం ఆన్ చేసి మళ్లీ ఆపలేదు, అదొక్కటే గుర్తొస్తోంది. ఏడున్నరకి ఫోన్ చేస్తే డిస్ప్యూట్ ఫారం (ఈ ఖర్చులు నావి కావని చెప్పే ఫారం) నింపమన్నారు. 35 వేలు నా నెత్తిన పడతాయా? ఇలాంటిది ఎవరికైనా జరిగిందా?

రాత్రి_షిఫ్టు:
తమ్ముడూ, ఒక బ్యాంకు ఫ్రాడ్ విభాగంలో ఆరేళ్లు పనిచేశాను. ముందు ఇవాళే ఫారం నింపి పంపు. ఫోన్లో చెప్పాను కదా అని ఊరుకోవద్దు, ఫిర్యాదు నంబరు రాతపూర్వకంగా తీసుకో. సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి కూడా చెప్పు. ఫారంలో 412 ఒక్కటే రాయకు, ఆ 1, ఆ 1.50 కూడా రాయి. అసలు కథ వాటిలోనే ఉంది.

దొంగల చేతికి నంబర్లు కట్టలకొద్దీ వస్తాయి. ఎక్కడో ఒక షాపు డేటా లీకవుతుంది, లేదా చెల్లింపు పేజీలోనే ఎవరో కోడ్ దూరుస్తారు. ఆ కట్టలో సగం చచ్చిన నంబర్లే: గడువు తీరినవి, ముందే బ్లాకైనవి. ఏది బతికుందో వాడికి తెలియదు. అందుకే డాలరో రెండో కోసి చూస్తారు. పెద్ద మొత్తమైతే నువ్వు ఉలిక్కిపడతావు, డాలరైతే పక్కకి తిరిగి పడుకుంటావు.

మా తెర మీద ఇది ఎలా కనిపించేదో చెబుతాను. పగలంతా పది అమ్మకాలు కూడా లేని ఓ చిన్న దుకాణం రాత్రి రెండింటికి హఠాత్తుగా నిమిషానికి ముప్ఫై నలభై కార్డులు కొడుతుంది. అన్నింటి మొదటి ఆరంకెలూ ఒకటే, అంటే ఒకే బ్యాంకు, ఒకే రకం కార్డు. తిరస్కరణ, తిరస్కరణ, తప్పు గడువు తేదీ, తప్పు సీవీవీ (కార్డు వెనకుండే మూడంకెలు), తిరస్కరణ... మధ్యలో ఒకటి ఆమోదం. ఆ ఒక్క వరస కనిపించగానే గుండె జారేది. ఎందుకంటే ఇంకో గంటలో ఆ కార్డు మీద పెద్ద కొనుగోలు వస్తుందని తెలుసు. ఆ దుకాణాన్ని ఆపించి, పాసైన కార్డులన్నీ వెతికి ఆపేవాళ్లం. నీ విషయంలో నాలుగోది ఆగడానికి కారణం కూడా ఇదే: ఇంతకుముందెప్పుడూ లేని మూడు విదేశీ షాపులు, అరగంటలో, చిన్నదాని వెనక పెద్దది.

ఓటీపీ ఎందుకు రాలేదంటావా? ఆన్‌లైన్ కార్డు చెల్లింపుకి ఓటీపీ లాంటి రెండో ధృవీకరణ 2009 నుంచి మన దగ్గర తప్పనిసరి. కానీ విదేశీ వ్యాపారి మన ఆర్‌బీఐ కింద లేడు. నంబరు, గడువు, సీవీవీ ఉంటే వాడు కోసేయగలడు. అందుకే 2020 అక్టోబరు నుంచి కొత్త కార్డు ఇచ్చేటప్పుడు ఇంటర్నేషనల్ ఆఫ్‌లో ఉంచే ఇస్తారు. మనం ఆన్ చేసి మరిచిపోతాం.

డల్లాస్_పిన్ని:
ఇదే గొడవ మేం అవతలి వైపు నుంచి చూశాం. మా గుడి వెబ్‌సైట్లో విరాళాల పేజీ ఉంది, ఎంతైనా ఇవ్వచ్చు, లాగిన్ అక్కర్లేదు. భక్తులకి సులువుగా ఉండాలని అలా పెట్టాం. ఒక మంగళవారం పొద్దున ట్రెజరర్ గారు ఫోన్ చేసి రాత్రికి రాత్రి రెండువేల పైచిలుకు ప్రయత్నాలు వచ్చాయన్నారు. అన్నీ 1 డాలరే. పేర్ల గడిలో అర్థం లేని అక్షరాలు, అందరికీ ఒకటే జిప్ కోడ్. వాటిలో అరవై దాకా పాసయ్యాయి.

అదే రోజు మధ్యాహ్నం ఒహాయో నుంచి ఒకావిడ ఫోన్ చేశారు. ముసలావిడ గొంతు, తెలుగావిడ కాదు. "మీరెవరో నాకు తెలియదు, నా డాలరు ఎందుకు తీశారు?" అని అడిగారు. విషయం చెప్పి, దయచేసి ఇప్పుడే మీ బ్యాంకుకి ఫోన్ చేసి కార్డు మార్పించుకోండి అన్నాను. సాయంత్రం మళ్లీ చేసి, అప్పటికే ఎవరో 900 డాలర్లకి ప్రయత్నించారని, కార్డు ఆపేయడం వల్ల అది పోలేదని చెప్పారు. డాలరు చూసి ఫోన్ చేసిన ఆ ఒక్కావిడ తప్పించుకున్నారు. మిగతా వాళ్లలో ఎంతమంది చూసుకున్నారో అని ఇప్పటికీ అనిపిస్తుంది.

పాసైనవన్నీ మేమే వెంటనే వాపసు చేశాం. ఫెయిలైన ప్రతి ప్రయత్నానికీ గేట్‌వే వాళ్లకి (కార్డు చెల్లింపులు నడిపే కంపెనీకి) మేం రుసుము కట్టాలి, అది గుడి హుండీ డబ్బు. ఇప్పుడు కనీస విరాళం 11 డాలర్లు, మనిషో యంత్రమో తేల్చే క్యాప్చా పెట్టాం, ఒకే చోటు నుంచి వరసగా వస్తే ఆగిపోతుంది. సంఘాల సైట్లు, ఎన్జీవో సైట్లు నడిపేవాళ్లు దయచేసి ఇవాళే చూసుకోండి.

మానేరు:
నాది ఉల్టా అన్నా. నా కార్డు నేనే వాడుతుంటే బ్లాకైంది. నాయిన ఆపరేషన్‌కి హైదరాబాద్ దవాఖానల అడ్వాన్సు కట్టాలె. అంతకు గంట ముందు దుబాయ్‌ల ఉన్న తమ్మునికి ఆన్‌లైన్ల టికెట్ బుక్ చేసిన. కౌంటర్ కాడ కార్డు రెండుసార్లు గీకితే రెండుసార్లూ కాదన్నది. వెనక లైన్ నిలబడ్డది, నాయిన స్ట్రెచర్ మీద ఉన్నడు. ఆ బాధ ఎవరికీ రావద్దు.

రాత్రి_షిఫ్టు:
మానేరు, నిజంగా బాధాకరం. యంత్రానికి నువ్వూ దొంగా ఒకేలా కనిపించిన సందర్భం అది: విదేశీ టికెట్, వెంటనే పెద్ద మొత్తం. అలాంటప్పుడు బ్యాంకు నుంచి "ఇది మీరేనా" అని మెసేజ్ వస్తుంది, అవునంటే చాలాసార్లు తాళం తీసేస్తారు. కౌంటర్ దగ్గర మళ్లీ మళ్లీ గీకితే అనుమానం ఇంకా పెరుగుతుంది. ఆ మెసేజ్‌లో ఓటీపీ, సీవీవీ అడిగితే మాత్రం అది బ్యాంకు కాదు.

సీతమ్మధార_శ్రీను:
యాప్‌లో కార్డు కలిపినప్పుడు 2 రూపాయలు కోసి మళ్లీ ఇస్తారు కదా, అదీ ఇదేనా?

రాత్రి_షిఫ్టు:
పద్ధతి అదే, కానీ అది నువ్వు చేసింది. అమెరికాలో పెట్రోలు బంకులు కూడా ముందు 1 డాలరు పట్టుకుని చూస్తాయి. నీకు గుర్తున్న పని అయితే భయం లేదు. నువ్వు చేయనిదైతే ఆ నిమిషమే యాప్‌లో లాక్ కొట్టు.

బాపట్ల_లాయరు:
డబ్బు సంగతికి వస్తాను. ఆర్‌బీఐ 2017 జులై 6 ఉత్తర్వు ప్రకారం, తప్పు మీదీ బ్యాంకుదీ కాక మధ్యలో ఎక్కడో జరిగితే, బ్యాంకు సమాచారం అందిన 3 పనిదినాల్లో చెప్పినవారికి భారం సున్నా. 4 నుంచి 7 పనిదినాల్లో చెబితే 5 లక్షల లోపు పరిమితి ఉన్న క్రెడిట్ కార్డుకి గరిష్ఠంగా 10,000, ఆపైన పరిమితికి 25,000. ఫిర్యాదు అందిన 10 పనిదినాల్లో ఆ మొత్తాన్ని తాత్కాలికంగా జమ చేయాలి, 90 రోజుల్లో తేల్చాలి. మీరు నాలుగు గంటల్లోనే చెప్పారు, గట్టిగా అడగండి. బ్యాంకు 30 రోజుల్లో జవాబివ్వకపోతే ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్‌కి (బ్యాంకుల మీద ఫిర్యాదులు తేల్చే అధికారికి) వెళ్లవచ్చు. ఓటీపీ మనమే చెప్పేసి ఉంటే మాత్రం, బ్యాంకుకి తెలిపే దాకా జరిగిన నష్టం మనదే అవుతుంది.

ఎంఎస్_పిల్లోడు:
అమెరికాలో చదువుకునే వాళ్లకి ఒక్కమాట. పెట్రోలు బంకులో డెబిట్ కార్డు గీకకండి. క్రెడిట్ కార్డుకి చట్టప్రకారం మన భారం 50 డాలర్లు దాటదు. డెబిట్‌లో రెండు పనిదినాలు దాటితే 500 దాకా పోవచ్చు, పైగా పోయేది ఖాతాలో ఉన్న అద్దె డబ్బు. నా రూమ్మేట్‌కి తేలే దాకా మూడు వారాలు మేమే సర్దాం.

కృష్ణలంక_అబ్బాయి:
అందరికీ చాలా చాలా థ్యాంక్స్. తొమ్మిదో పనిదినాన తాత్కాలిక జమ పడింది. రాత్రి_షిఫ్టు అన్న చెప్పినట్టు చిన్నవి రెండూ ఫారంలో రాశాను, మూడూ కలిపి ఒకే కేసు నంబరు ఇచ్చారు. ఫారెక్స్ మార్కప్ (డాలర్లని రూపాయల్లోకి మార్చినందుకు బ్యాంకు వేసే అదనపు రుసుము), దాని మీద జీఎస్టీ మాత్రం వెనక్కి రాలేదు, లాయరు గారు చెప్పిన ఉత్తర్వు తేదీ రాసి మళ్లీ మెయిల్ పెట్టాను. కొత్త కార్డు నిన్న వచ్చింది. పాత నంబరు మీద ఉన్న కరెంటు బిల్లు ఆటోపే ఆగిపోయిందని ఇవాళే చూశాను, చేత్తో కట్టాను. అమ్మ కార్డు కూడా తెరిచి చూస్తే ఇంటర్నేషనల్ ఆన్‌లోనే ఉంది. ఆపేశాను.