1998–2012 ఉష్ణోగ్రత ట్రెండ్: ఎర్రర్ మార్జిన్ ఎలా లెక్కించాలి?

1998 జనవరి నుంచి 2012 డిసెంబరు దాకా, 180 నెలల గిస్‌టెంప్ (నాసా వారి ప్రపంచ ఉష్ణోగ్రత రికార్డు) డేటాకి ట్రెండ్ గీస్తున్నాను. 'వేడెక్కడం 1998లోనే ఆగిపోయింది' అనేవాళ్లు చూపించేది ఈ ముక్కనే. మొదలు పెట్టడమే 1997-98 ఎల్‌నినో (పసిఫిక్ సముద్రం వేడెక్కే దశ) శిఖరం మీద, అందుకే గీత కాస్త పడుకున్నట్టుంటుంది. నా సమస్య గీత కాదు, దాని ఎర్రర్ మార్జిన్.

ఎల్‌నినో సూచీని 4 నెలల లాగ్ (ఆలస్యం)తో, అగ్నిపర్వత ధూళిని, సూర్యశక్తిని రిగ్రెషన్‌లో పెట్టి తీసేశాను. బేస్‌లైన్ (పోల్చడానికి తీసుకునే సగటు) మార్చి చూడ్డం దండగ, వాలు మారదు. వేడి నెల తర్వాత వేడి నెలే వస్తుంది కాబట్టి ఏఆర్(1) (ప్రతి నెలా ముందు నెల మీదే ఆధారపడుతుందనే నమూనా) సవరణ చేశాను. లాగ్ 1 దగ్గర, అంటే పక్కపక్క నెలల మధ్య, సహసంబంధం సుమారు 0.6 వచ్చింది. 180 × 0.4 ÷ 1.6, అంటే 45 స్వతంత్ర నెలలు.

ఇక్కడే తేడా కొడుతోంది. ఏఆర్(1) నిజమైతే లాగ్ 2లో 0.36, లాగ్ 3లో 0.22 రావాలి. నా రెసిడ్యువల్స్ (ఇవన్నీ తీసేశాక మిగిలినవి) సహసంబంధ గ్రాఫ్‌లో కడ్డీలు అంత త్వరగా దిగవు, లాగ్ 6లోనూ ప్రాముఖ్యత హద్దు గీత బయటే ఉన్నాయి. అంటే 45 కూడా ఎక్కువే. వార్షిక సగటు తీస్తే మిగిలేది 15 బిందువులు, వాటితో ఏదీ తేలదు. 'ఆర్' సాఫ్ట్‌వేర్‌లో జీఎల్ఎస్‌కి (ఒకదానితో ఒకటి ముడిపడిన దోషాలను లెక్కలోకి తీసుకునే రిగ్రెషన్) ఆర్మా(1,1) (ఏఆర్(1)కి థీటా అనే ఇంకో గుణకం కలిపిన నమూనా) ఇస్తే మార్జిన్ సబబుగానే వచ్చింది, కానీ ప్రారంభాన్ని 1999కి జరపగానే ఫై (అందులోని ఏఆర్ గుణకం) 1కి అంటుకుపోతోంది.

ఫై, థీటాలను 1979 నుంచి ఉన్న పొడవాటి సిరీస్ మీద అంచనా వేసి, ఈ 15 ఏళ్ల ముక్కలో స్థిరంగా పెట్టడం గణాంకపరంగా సరైనదేనా?