అప్‌డేట్: ఆశునాటక అభ్యాసాల్లో విద్యార్థులు బిగుసుకుపోవడం – తీరింది

గుంటూరు బ్రాడీపేటలో నేను నడిపే ఆశునాటక (ముందే రాసుకున్న మాటలు లేకుండా అప్పటికప్పుడు అల్లి నటించే నాటకం) తరగతిలో ఇంటర్ విద్యార్థులు మధ్యలోకి రాగానే నోరు పెగలక నిలబడిపోతున్నారని నెల క్రితం అడిగాను. సలహాలిచ్చినవారికి కృతజ్ఞతలు.

పనిచేసింది ఆశునాటక గురువు కీత్ జాన్‌స్టన్ నేర్పిన ‘ఒక్కో మాట’ కథ. ఇద్దరు వంతులవారీగా ఒక్కొక్క మాటే చెబుతూ కథ నడపాలి. తెలివి చూపించడానికి వ్యవధే ఉండదు. “నిన్న – మిర్చి – యార్డులో – ఏనుగు – తుమ్మింది” అన్న రోజు నుంచి గది మారిపోయింది. అమెరికా నాటక శిక్షకురాలు వయోలా స్పోలిన్ ‘అద్దం’ అభ్యాసం (ఎదురెదురుగా నిలబడి ఒకరి కదలికలను మరొకరు అద్దంలోలా అనుకరించడం) ఏకాగ్రతకు మంచిదే, మాటల భయానికి మాత్రం అంతగా ఉపయోగపడలేదు. ఇరుకు గది, ఫ్యాను చప్పుడు కారణమేమోనన్న అనుమానం ఉండేది; అవి కారణం కానే కాదు.

అసలు తప్పు విజయవాడ నుంచి వచ్చి చూసిన ఒక శిక్షకురాలు పట్టుకున్నారు: ప్రతి సన్నివేశం కాగానే బాగుందనో బాగోలేదనో నేనే తీర్పు చెబుతున్నానట. మానేశాను. దాదాపుగా.