అప్‌డేట్: పాస్‌వర్డ్‌లన్నీ ఒకేచోట దాచవచ్చా అన్న నా ప్రశ్న గురించి

బ్యాంకు, ఈమెయిల్ పాస్‌వర్డ్‌లన్నింటినీ ఒకే పాస్‌వర్డ్ మేనేజర్‌కు (పాస్‌వర్డ్‌లను దాచి, అవసరమైనచోట తానే నింపే యాప్‌కు) అప్పగించడం క్షేమమేనా అని గత నెల అడిగాను. ఓపికగా సమాధానమిచ్చిన వారందరికీ కృతజ్ఞతలు. నన్ను భయపెట్టిన లాస్ట్‌పాస్ అనే పాస్‌వర్డ్ మేనేజర్ ఉదంతాన్ని ఈలోగా శ్రద్ధగా చదివాను. 2022లో దొంగలు ఖాతాదారుల వాల్ట్ (పాస్‌వర్డ్‌లు దాచే ఖజానా) నకళ్లను ఎత్తుకుపోయిన మాట నిజమే గాని, వాటిలోని పాస్‌వర్డ్‌లు ఏఈఎస్-256 అనే బలమైన పద్ధతిలో ఎన్‌క్రిప్ట్ అయి, అంటే తాళంచెవి లేనిదే చదవలేని సంకేతాలుగా మారి ఉన్నాయి. వాటిని విప్పే మాస్టర్ పాస్‌వర్డ్ కంపెనీ దగ్గర ఉండదు. అయితే వెబ్‌సైట్ చిరునామాలు మాత్రం ఎన్‌క్రిప్ట్ కాకుండానే ఉన్నాయన్నది నాకు మింగుడుపడలేదు. ఎవరికి ఏ బ్యాంకులో ఖాతా ఉందో తెలిస్తే మోసగాడికి అంతకంటే ఏం కావాలి? పైగా మాస్టర్ పాస్‌వర్డ్ బలహీనమైనదైతే, దొంగ ఆ నకలును తన కంప్యూటర్‌లో పెట్టుకుని, ఎవరూ అడ్డుకోకుండా ఎన్ని లక్షలసార్లయినా ఊహించి చూడవచ్చు.

అందుకే బిట్‌వార్డెన్ అనే మరో పాస్‌వర్డ్ మేనేజర్‌ను ఎంచుకుని, ఒకదానితో ఒకటి పొంతన లేని ఆరు మాటలను మాస్టర్ పాస్‌వర్డ్‌గా పెట్టుకున్నాను. ఆ మాటలు రాసిన కాగితం బీరువాలో, అమ్మ పట్టుచీరల మడతల్లో ఉంది. రెండంచెల ధ్రువీకరణ (పాస్‌వర్డ్‌తో పాటు మరో రుజువు కూడా అడిగే ఏర్పాటు) కూడా పెట్టాను.

మొన్న కరెంటు బిల్లు పేరిట వచ్చిన లింకు నొక్కితే, రోజూ తనంతట తానే నిండే పాస్‌వర్డ్ గడి ఖాళీగా ఉండిపోయింది. అనుమానంతో పైన చూస్తే, చిరునామాలో ఒక్క అక్షరం తేడా. అసలు సైటు చిరునామా కాదు గనుకే బిట్‌వార్డెన్ పాస్‌వర్డ్ నింపలేదన్నమాట.