జూలో ఓరిక్స్‌కి లివర్ కణితి: వయసు వల్లా, దాణా వల్లా?

దాణాగది: మా దగ్గర 14 ఏళ్ల ఆడ ఓరిక్స్ (పొడవాటి కొమ్ముల పెద్ద జింకలాంటి జంతువు) పోయింది. కోసి చూస్తే లివర్ నిండా నిమ్మకాయంత తెల్లటి గడ్డలు. "వయసైపోయింది, కణితి" అని రాసి ఫైలు మూసేశారు. వేరుశనగ చెక్క బస్తాలు ముక్కిన వాసన వస్తున్నాయని నేను ఎన్నిసార్లు చెప్పానో. వయసు అనేస్తే సరిపోతుందా?

రాత్రిడ్యూటీ: పశువైద్యుడిగా చెప్తున్నా, సరిపోతుంది. అడవిలో అయితే ఆ వయసు రాకముందే ఏ సింహమో తినేసేది. జూలో వేట లేదు, కరువు లేదు, కణితి పెరిగేంత కాలం బతుకుతాయి. పైగా మీరు అనుమానిస్తున్న బూజు విషం, లివర్‌ని దెబ్బతీసే అఫ్లాటాక్సిన్‌ని బాతులకంటే నెమరువేసే పెద్ద జంతువులు బాగా తట్టుకుంటాయి.

చదువరి: 1960లో ఇంగ్లండ్‌లో లక్షకు పైగా టర్కీ కోళ్లు పోయింది ఈ వేరుశనగ చెక్క వల్లే. ఆ విషం బయటపడింది అప్పుడే.

రాత్రిడ్యూటీ: టర్కీ పక్షి అండీ. మనం మాట్లాడుతున్నది ఓరిక్స్ గురించి.

దాణాగది: తట్టుకోవడం వేరు, ఏమీ కాకపోవడం వేరు సార్. ఆవు తింటే ఆ విషం రూపం మారి పాలలోకి దిగుతుంది. ఆ మార్చేది లివరే కదా?

రాత్రిడ్యూటీ: పాల సంగతి ఎందుకు? మీరు వాసన చూసి తేల్చేస్తున్నారు. అఫ్లాటాక్సిన్‌కి వాసన ఉండదు. బూజు పట్టిన బస్తాలో లేకపోవచ్చు, శుభ్రంగా కనిపించేదాంట్లో ఉండొచ్చు.

గడ్డివాము: అసలు బతికుండగా ఎందుకు కనిపెట్టలేదు?

రాత్రిడ్యూటీ: ఇలాంటి జంతువులు జబ్బుని బయటపడనివ్వవు. లివర్ కూడా చాలా భాగం పాడయ్యేదాకా నెట్టుకొస్తుంది. బయాప్సీకి, అంటే బతికుండగా సూదితో లివర్ ముక్క తీయడానికి, మత్తు ఇవ్వాలి. పట్టుకునేటప్పుడు కంగారుపడి పరిగెత్తి, కండరాలు దెబ్బతిని చనిపోయిన జంతువుని నేను మోశాను. కూర్చుని తప్పుపట్టడం తేలిక.

దాణాగది: కూర్చునా? పన్నెండేళ్లు రోజూ పొద్దున్నే దాని ముందు గంప దించింది నేను. చివరి నెలలో గంప దాకా వచ్చి, మూతి పెట్టి, తల తిప్పుకుని గోడ వారన నిలబడేది. నేను పెట్టిందే దాన్ని చంపిందా అన్నది నాకు తెలియాలి. బతికుండగా సూది గుచ్చలేదని అనట్లేదు. చచ్చాక గడ్డ ముక్క ల్యాబ్‌కి ఎందుకు పంపలేదు?

రాత్రిడ్యూటీ: పంపలేదా? ఇంతసేపూ పరీక్ష అయిందనుకునే వాదించాను. మైక్రోస్కోప్ కింద చూడకుండా కణితి అని రాయకూడదు. చీముగడ్డ, క్షయ గడ్డ కూడా కంటికి అలాగే కనిపించొచ్చు. ముక్క కుళ్లకుండా ఫార్మలిన్‌లో ఉంచారా?

దాణాగది: లేదు. అదే రోజు పూడ్చేశారు.

చదువరి: ఆ చెక్క?

దాణాగది: అయిపోయింది.

రాత్రిడ్యూటీ: అయితే వయసు అన్న నా మాటకీ ఆధారం లేదు. మిగతా మందకి క్షయ పరీక్ష అడగండి, మీరూ చేయించుకోండి. ఇకపై ప్రతి లోడులో నాలుగైదు చోట్ల నుంచి దాణా తీసి, తేదీ రాసి ఫ్రీజర్‌లో పెట్టండి.

దాణాగది: రేపే అడుగుతాను. మందలో ఇంకా నాలుగున్నాయి. ఒకటి దాని కూతురు.