ఇసబెల్, ఎలిజబెత్: ఒకటే పేరా, రెండా?

గోదారిగట్టు: 2022 సెప్టెంబర్‌లో బ్రిటన్ రాణి ఎలిజబెత్ పోయినప్పుడు స్పెయిన్ పేపర్లు 'రెండో ఇసబెల్' అనే రాశాయి, అక్కడ ఎప్పట్నుంచో అదే అలవాటు. నాకిది మింగుడు పడట్లేదు. 1833 నుంచి 1868 దాకా ఏలిన సొంత రెండో ఇసబెల్ వాళ్ళకే ఉండగా ఇంకో దేశం రాణి పేరు మార్చడమెందుకు? అసలివి ఒకటే పేరంటారా?

మిరపబజ్జి: ముమ్మాటికీ ఒకటే. పోర్చుగల్ రాణి ఇసబెల్ 1336లో చనిపోయింది, 1625లో ఆవిడని సెయింట్‌గా ప్రకటించారు. ఆవిడకి పెట్టింది వాళ్ళ నాయనమ్మ అక్క పేరు, ఆ అక్క ఎవరో కాదు, హంగరీ సెయింట్ ఎలిజబెత్, అక్కడివాళ్ళకి ఎర్జేబెట్. పేర్లు వేరైతే పెద్దావిడ పేరు పెట్టుకున్నామని ఎలా చెప్పుకుంటారు?

రాత్రిబండి: అది 13వ శతాబ్దం మాట బజ్జీ గారూ. పుట్టుక ఒకటేనని నేనూ ఒప్పుకుంటా, స్కాట్లాండ్ ఎల్స్‌పెత్, జర్మన్ల బెట్టీనా, ఫిన్లాండ్ లీసా అన్నీ ఆ చెట్టు కొమ్మలే. కానీ ఇప్పుడు పాస్‌పోర్ట్‌లో ఎలిజబెత్ అని ఉండి టికెట్ మీద ఇసబెల్ అని ఉంటే విమానం ఎక్కనిస్తారా? అంతెందుకు, ఎలిజబెత్ టేలర్‌ని స్పెయిన్‌లో కూడా ఎలిజబెత్ టేలర్ అనే అన్నారు. మార్చింది రాణికి మాత్రమే. అంటే అది పేరు సంగతి కాదు, రాజుల విషయంలో పాతకాలపు మర్యాద, అంతే.

మిరపబజ్జి: టేలర్ పాయింట్ బాగుంది, ఒప్పుకోను గానీ బాగుంది 😄

పాతపుస్తకాలు: తెలుగు బైబిల్ చూడండి. అహరోను భార్య ఎలీషెబ, బాప్తిస్మమిచ్చు యోహాను తల్లి ఎలీసబెతు. ఒకటే హీబ్రూ పేరు, పాత నిబంధనలో హీబ్రూ పలుకుబడి, కొత్తదాంట్లో గ్రీకుది ఉంచేశారు, ఎవరికీ ఏ ఇబ్బందీ రాలేదు. మనం తప్పు చేసేది కొలంబస్‌ని పంపిన రాణి దగ్గర. స్పానిష్‌లో ఆవిడ ఇసబెల్, మనం ఇంగ్లీషు పుస్తకాలు చూసి 'ఇసబెల్లా' అంటాం.

గోదారిగట్టు: అదే కదా నా గోల కూడా! బుడాపెస్ట్‌లో ఎర్జేబెట్ వంతెన ఉంది, 1898లో జెనీవాలో హత్యకు గురైన ఆస్ట్రియా మహారాణి సిసీ పేరు మీద. దాన్ని ఎలిజబెత్ వంతెన అని రాస్తే చదివేవాళ్ళలో సగం మంది లండన్ రాణి అనుకుంటారు. నేను మాత్రం ఎర్జేబెట్ అనే రాస్తా, పక్కన సిసీ అని ఒక ముక్క చేరుస్తా.