పోప్‌కి సైన్యమే లేదు కదా, మరి రాజు మంచులో ఎందుకు నిలబడ్డాడు?

కృష్ణలంక_రీడర్:

మధ్యయుగాల యూరప్ గురించి ఈమధ్య దొరికింది దొరికినట్టు చదువుతున్నాను, 1077 జనవరి దగ్గర ఆగిపోయాను. జర్మనీ రాజు నాలుగో హెన్రీ, వయసు 26 ఏళ్ళు, నడి చలికాలంలో ఆల్ప్స్ దాటి ఇటలీ వెళ్ళి, కనోస్సా కోట ముందు మూడు రోజులు చెప్పుల్లేకుండా ముతక ఉన్ని బట్ట కట్టుకుని నిలబడ్డాడు. లోపల పోప్ ఏడో గ్రెగరీ ఉన్నాడు, ఆయన క్షమిస్తే చాలని ఇదంతా.

ఏడాది ముందు ఇదే హెన్రీ అదే పోప్‌కి "నువ్వు పోప్‌వి కాదు, దొంగ సన్యాసివి, గద్దె దిగు" అనే ధోరణిలో ఉత్తరం రాశాడు, జర్మన్ బిషప్పులు చాలామంది వంత పాడారు కూడా. ఏడాదిలో ఏం మారింది? పోప్ దగ్గర చెప్పుకోదగ్గ సైన్యం లేదు, ఆయన ఉండేది ఎక్కడో రోమ్‌లో. "అప్పట్లో అందరికీ నరకం భయం" అని ఒక్క ముక్కలో తేల్చేసే జవాబులు మాత్రం వద్దండి, అవి చాలా చూశాను.

పాతకోటలు:

గొడవ మొదలైంది బిషప్పుల పోస్టింగుల దగ్గర. అది పట్టుకోకపోతే మిగతాదంతా ఇద్దరు మొండివాళ్ళ తగాదాలాగే కనిపిస్తుంది.

బిషప్ అనగానే మనకి ఆదివారం ప్రసంగం చెప్పే పెద్దమనిషి గుర్తొస్తాడు. పదకొండో శతాబ్దం జర్మనీలో బిషప్ అంటే భూములు, సుంకాలు, సంతలు, కొన్నిచోట్ల నాణేలు ముద్రించే హక్కు, తీర్పులు చెప్పే అధికారం, వీటన్నిటితో పాటు గుర్రపు సైనికులు. రాజులే కావాలని ఇవన్నీ కట్టబెట్టారు. దొరకి జాగీరు ఇస్తే అది వాడి కొడుక్కి పోతుంది, రెండు తరాలు తిరిగేసరికి ఆ వంశం రాజు మాట వినదు. బిషప్‌కి చట్టప్రకారం వారసుడు ఉండడు, ఆయన పోతే పీఠం మళ్ళీ ఖాళీ అవుతుంది, రాజు తనకి నచ్చినవాణ్ణి కూర్చోబెట్టుకోవచ్చు. 981 ప్రాంతంలో అప్పటి జర్మనీ రాజు, చక్రవర్తి రెండో ఒట్టో ఇటలీకి అదనపు బలగం పంపమని రాయించిన జాబితా ఒకటి మిగిలింది. అందులో 2 వేలకు పైగా కవచాలు తొడిగిన రౌతుల లెక్క ఉంది, వాళ్ళలో ఎక్కువమందిని పంపాల్సింది బిషప్పులు, మఠాధిపతులే. అంటే కొత్త బిషప్ చేతికి పదవి గుర్తులైన ఉంగరం, దండం ఎవరివ్వాలి అనేది పైకి పూజ తంతులా ఉన్నా, లోపల అది సైన్యం, ఖజానా ఎవరివి అనే తగువు. చర్చి సంస్కర్తలకి కూడా కోపం ఊరికే రాలేదు, పీఠాలు డబ్బుకి అమ్ముడుపోతున్నాయి.

అసలు పోప్‌నే రాజు పెట్టిన రోజులున్నాయి. ఈ హెన్రీ తండ్రి మూడో హెన్రీ 1046లో పోప్ పదవి కోసం కొట్టుకుంటున్న ముగ్గుర్నీ పక్కకి తోసి ఒక జర్మన్ బిషప్‌ని పోప్ చేశాడు. మూడో హెన్రీ 1056లో పోయాడు, కొడుక్కి ఇంకా ఆరేళ్ళు నిండలేదు. ఆ సందులో, 1059లో, ఇక మీదట పోప్‌ని రోమ్ చర్చి పెద్దలైన కార్డినల్స్ ఎన్నుకోవాలని రోమ్‌లో తీర్మానం చేసేసుకున్నారు. ఇటు జర్మనీలో 1062లో కొలోన్ ఆర్చిబిషప్ (బిషప్పుల మీది పెద్ద బిషప్) అన్నో, పడవ చూద్దువుగాని రా అని పిల్లరాజుని ఎక్కించుకుని ఎత్తుకుపోయాడు, కుర్రాడు భయపడి రైన్ నదిలోకి దూకితే పైకి లాగారు. ఇలాంటి బాల్యం గడిపినవాడు పెద్దయ్యాక బిషప్పుల్ని గుప్పిట్లో పెట్టుకోవాలని చూడటంలో నాకైతే వింతేమీ కనపడదు.

1075లో హెన్రీ ఇటలీలోని మిలాన్‌కి ఆర్చిబిషప్‌గా తన మనిషిని పెట్టాడు, గ్రెగరీ గట్టిగా హెచ్చరించాడు, 1076 జనవరిలో జర్మనీలోని వోర్మ్స్ నుంచి మీరు చెప్పిన ఉత్తరం వెళ్ళింది, ఫిబ్రవరిలో పోప్ రాజుని వెలివేశాడు.

ఎండుమామిడి:

అన్నా, పోస్ట్ బాగుంది గానీ అడిగినదానికి జవాబు ఇంకా రాలేదు. సైన్యం లేనివాడికి రాజెందుకు లొంగాడు?

గ్రెగరీ చేసిన పనిలో రెండు ముక్కలున్నాయి. ఒకటి, హెన్రీకి చర్చిలో చోటు లేదు, అతనితో ఎవరూ పొత్తు పెట్టుకోకూడదు. రెండోది అసలైనది: రాజుకి విధేయంగా ఉంటామని చేసిన ప్రమాణాలు ఇక చెల్లవు. అప్పటి రాజ్యానికి జీతాల మీద బతికే సైన్యం లేదు, జిల్లాకో ఆఫీసు లేదు. రాజుకీ ప్రభువులకీ మధ్య ఉన్నది దేవుడి పేరు మీద చేసిన ప్రమాణం, అంతే. దాన్ని విప్పగలిగేది పోప్ అని అందరూ ఒప్పుకుంటున్నప్పుడు ఆయనకి వేరే సైన్యం దేనికి? అది అప్పటికే జర్మనీలో కత్తులు నూరుకుంటూ ఉంది. హెన్రీ తమ ప్రాంతంలో కోటలు కడుతున్నాడని ఉత్తర జర్మనీలోని సాక్సన్లు 1073లో తిరగబడ్డారు, 1075 జూన్‌లో వాళ్ళని చావగొట్టాడు. ఓడినవాళ్ళు, అలిగిన దక్షిణాది డ్యూకులు ఒక సాకు కోసం చూస్తున్నారు, పోప్ అది చేతిలో పెట్టాడు.

భయం అసలు లేదని కూడా అనలేం లెండి. 1076 ఈస్టర్‌కి పోప్‌ని తిట్టిన ఉట్రెక్ట్ బిషప్ విలియం నెల తిరిగేసరికి చనిపోయాడు. మిగతా బిషప్పులు ఒక్కొక్కరే జారుకోవడం మొదలుపెట్టారు.

అక్టోబరులో ట్రిబూర్‌లో ప్రభువులు చెప్పేశారు: ఏడాది లోపల వెలి తీయించుకో, లేకపోతే నువ్వు మాకు రాజువి కావు. పైగా ఫిబ్రవరిలో ఆగ్స్‌బర్గ్ వచ్చి మా పంచాయితీ తీర్చమని పోప్‌ని పిలిచారు. హెన్రీకి అన్నిటికంటే ప్రమాదం ఇది, శత్రువులంతా కూర్చున్న సభలో పోప్ జడ్జిగా ఉండటం. అందుకే పోప్ జర్మనీ చేరేలోపే దారిలో పట్టుకోవాలనుకున్నాడు. మామూలు కనుమ దారులు ఆ డ్యూకుల చేతుల్లో ఉన్నాయి, కాబట్టి బర్గండీ మీదుగా చుట్టుతిరిగి మోన్ సెనీ కనుమ ఎక్కాడు, భార్య బెర్తా, పసి కొడుకు కూడా వెంట ఉన్నారు. ఆ కనుమ దగ్గర పెత్తనం అత్తగారు అడిలైడ్‌ది. ఆడవాళ్ళని ఎద్దుతోళ్ళ మీద కూర్చోబెట్టి మంచులో కిందికి లాగారని లాంబెర్ట్ అనే సన్యాసి రాశాడు, కాకపోతే ఆయనకి హెన్రీ అంటే పడదు, రంగు వేసి రాసే అలవాటు ఉంది.

వస్తున్నది సైన్యంతోనేమో అని గ్రెగరీ భయపడి, తనకి అండగా ఉన్న కౌంటెస్ మటిల్డా కోటలో తలదాచుకున్నాడు. ఆ కోటే కనోస్సా. తీరా చూస్తే రాజు పశ్చాత్తాపం బట్టల్లో గేటు దగ్గరున్నాడు. ఇక్కడ ఇరుక్కున్నది పోపే అని నా అభిప్రాయం. చర్చి గురువన్నవాడు ఏడుస్తూ క్షమాపణ అడిగేవాణ్ణి ఎన్నాళ్ళు బయట నిలబెడతాడు? మటిల్డా, హెన్రీకి జ్ఞానస్నాన తండ్రి అయిన క్లూనీ మఠాధిపతి హ్యూగో మధ్యలో పడ్డారు. వెలి తీసేయక తప్పలేదు, ఆగ్స్‌బర్గ్ ప్రయాణం ఆగిపోయింది. మూడు రోజుల చలికి రాజ్యం దక్కింది, బేరం హెన్రీదే.

చర్చిగంట:

హెన్రీ గెలిచాడు అంటే నేను ఒప్పుకోను. ఆ మార్చిలోనే ఫోర్కైమ్‌లో ప్రభువులు అతని బావ రుడాల్ఫ్‌ని పోటీ రాజుగా ఎన్నుకున్నారు, మరి దక్కిందేంటి? పైగా తండ్రి ముగ్గురు పోపుల్ని దించితే కొడుకు పోప్ గుమ్మం ముందు నిలబడ్డాడు. రాజు మీద తీర్పు చెప్పేవాడు ఒకడున్నాడని రాజే అందరి ముందూ ఒప్పుకున్నట్టయింది.

ఇంకోటి, మీ ఇద్దరి పోస్టుల్లోనూ జనం లేరు. మిలాన్ గొడవ హెన్రీతో మొదలవలేదు, అంతకు ముందు 20 ఏళ్ళ నాటినుంచి పటారియా అనే ఉద్యమం అక్కడ రాజుకుంటోంది. డబ్బిచ్చి పదవి కొన్నవాళ్ళు, పెళ్ళాలున్నవాళ్ళు పూజ చేస్తే మేము రాము అని మామూలు జనం భీష్మించారు. దాని నాయకుడు అరియాల్డ్‌ని 1066లో చంపేశారు, తర్వాత వచ్చిన ఎర్లెంబాల్డ్ అనే రౌతు 1075లో వీధిపోరులో చచ్చిపోయాడు. హెన్రీ తన ఆర్చిబిషప్‌ని పెట్టింది ఆ వెంటనే. గ్రెగరీ కూడా జనాన్ని ఎగదోశాడు, పెళ్ళయిన గురువుల పూజకి వెళ్ళకండని జర్మనీకి ఉత్తరాలు రాశాడు. ఒక్కసారి ఊళ్ళో గురువు వైపు నుంచి చూడండి. తండ్రి గురువు, తను గురువు, భార్యాపిల్లలు, చిన్న పొలం, తరాలుగా ఎవరూ తప్పనలేదు. ఉన్నట్టుండి ఆమె భార్య కాదు, ఉంపుడుగత్తె అన్నారు. కనోస్సా మంచు అందరికీ తెలుసు గానీ ఈ ఆడవాళ్ళ గోడు ఎవరూ రాయరు.

కృష్ణలంక_రీడర్:

పటారియా గురించి అసలు వినలేదు, థాంక్స్. చివరికి ఈ ఉంగరం, దండం తగువు ఎలా తేలింది? జర్మనీలో తప్ప ఇంకెక్కడా రాజులకి ఈ టెన్షన్ రాలేదా?

ఎండుమామిడి:

తేలడానికి ఇంకో 45 ఏళ్ళు పట్టింది. 1080లో గ్రెగరీ రెండోసారి వెలివేశాడు, ఈసారి పెద్దగా పారలేదు. అదే ఏడాది అక్టోబరులో యుద్ధంలో రుడాల్ఫ్ కుడిచెయ్యి తెగి చచ్చిపోయాడు, రాజుకి ప్రమాణం చేసిన చెయ్యే పోయింది చూశారా అని హెన్రీ మనుషులు ఊరూరా చెప్పుకున్నారు. వెలి అదే, దాన్ని వాడుకోవాల్సినవాళ్ళు బలహీనపడ్డారు. 1084లో హెన్రీ రోమ్ పట్టుకుని తను పెట్టుకున్న పోప్ చేత చక్రవర్తి కిరీటం పెట్టించుకున్నాడు. గ్రెగరీని విడిపించడానికి వచ్చిన దక్షిణ ఇటలీ నార్మన్లు రోమ్‌నే దోచి తగలబెట్టారు, నగరంలో మొహం చెల్లక ఆయన వాళ్ళతోనే వెళ్ళిపోయి 1085లో సలెర్నోలో కన్నుమూశాడు. హెన్రీకి కన్నకొడుకే ఎదురు తిరిగాడు. ఆ కొడుకు ఐదో హెన్రీయే 1122లో వోర్మ్స్ ఒప్పందం చేసుకున్నాడు: ఉంగరం, దండం చర్చివి, భూములకీ అధికారాలకీ గుర్తుగా రాజదండం రాజుది, జర్మనీలో బిషప్ ఎన్నిక రాజు ఎదుట జరగాలి. బాగుపడింది మాత్రం రాజూ పోపూ తన్నుకుంటుంటే మధ్యలో బలిసిన జర్మన్ ప్రభువులు. 1356 నాటికి రాజుని ఎన్నుకునే ఏడుగురెవరో రాసిపెట్టుకున్నారు, అందులో ముగ్గురు ఆర్చిబిషప్పులు.

ఇంగ్లండ్‌లోనూ ఇదే తగువు వచ్చింది, అక్కడి రాజు మొదటి హెన్రీకీ కాంటర్‌బరీ ఆర్చిబిషప్ ఆన్సెల్మ్‌కీ. అక్కడ 1107లోనే రాజీ అయిపోయింది, రాజు ఉంగరం, దండం వదిలేశాడు, భూములకి బిషప్పులు తనకి విధేయత చెప్పే పద్ధతి మాత్రం ఉంచుకున్నాడు. వెలివేస్తానని ఆన్సెల్మ్ బెదిరించింది 1105లో, రాజు నార్మండీ కోసం సొంత అన్న రాబర్ట్‌తో యుద్ధంలో ఉన్నప్పుడు. ఆన్సెల్మ్ కూడా సమయం చూసే కొట్టాడు.