నర్సింగ్‌హోమ్ ఫోన్లకు ఆస్టరిస్క్: రెడీమేడ్ వేయాలా, చేత్తో కట్టుకోవాలా?

తెనాలి22: నమస్కారమండి. మా మేనమామ గారి నర్సింగ్‌హోమ్‌లో ఇంటర్‌కమ్ పెట్టె మొన్నటి పిడుగుకు కాలిపోయింది. 22 ఎక్స్‌టెన్షన్లు, బయటికి రెండు ల్యాండ్‌లైన్లు. దాని బదులు ఆస్టరిస్క్ (మామూలు కంప్యూటర్‌నే ఫోను ఎక్స్ఛేంజిగా మార్చే సాఫ్ట్‌వేర్) పెడదామని నా ఆలోచన. ఆస్టరిస్క్‌తో పాటు బ్రౌజర్‌లో నడిపే తెరలూ అన్నీ అమర్చి ఉన్న ఫ్రీపీబీఎక్స్ వేసేయనా, డెబియన్ అనే లినక్స్ మీద ఒక్కొక్కటీ నేనే పేర్చుకోనా? లినక్స్ ఓ మోస్తరుగా వచ్చు, ఫోన్ల సంగతి మాత్రం సున్నా.

తీగలాయన: రెడీమేడ్‌దే వేయండి. చేత్తో నాలుగు కట్టినవాడిని, అయినా ఇదే చెబుతాను. రాత్రి రెండింటికి వార్డు ఫోను మోగకపోతే మిమ్మల్నే లేపుతారు. మీరు ఊళ్లో లేనప్పుడు బ్రౌజర్ తెరిచి చూడగలిగేవాళ్లు ఇంకొకరు ఉండాలి.

చేత్తో కట్టిన మొదటిసారి నా ప్రాణం తీసింది డయల్‌ప్లాన్ (ఏ నంబరు నొక్కితే కాల్ ఎటు పోవాలో చెప్పే రాత) కాదు, గొంతు. రిసెప్షన్ అమ్మాయి చేత "డాక్టరు గారి కోసం ఒకటి నొక్కండి" అని సెల్‌ఫోనులో చెప్పించి ఫైలు ఎక్కించాను. ఫోను చేసినవాళ్లకు నిశ్శబ్దం! లాగ్ చూస్తే, 44100 వచ్చింది, 8000 కావాలి అని గొణుగుతోంది. వేవ్ ఫైలు 8000 హెర్ట్జ్, 16 బిట్లు, ఒకే చానల్ ఉండాలట. సాక్స్ అనే ఆడియో మార్చే ప్రోగ్రాముతో మార్చడం ఒక్క లైను పని. ఆ లైను ఏమిటో తెలుసుకోవడానికి ఒక సాయంత్రం పట్టింది. ఫ్రీపీబీఎక్స్ అయితే ఎక్కించగానే తనే మార్చుకుంటుంది.

దానికీ మెలికలున్నాయి. పేరులో "అడిషనల్" అని ఉన్న ఫైళ్లలో వేలు పెట్టకండి, అవి ఫ్రీపీబీఎక్స్ తనే రాసుకునేవి. నేను పెట్టాను. మర్నాడు ఎవరో తెర మీద మార్పులు అమలు చేసే ఎర్ర బటను నొక్కగానే నా రాతంతా తుడిచిపెట్టుకుపోయింది. మన రాతలకు "కస్టమ్" ఫైళ్లు వేరే ఉన్నాయి. ఇంకొకటి, పాత వీడియోలు చూసి ఫ్రీపీబీఎక్స్ పాత ఐఎస్ఓ (ఇన్‌స్టాల్ డిస్కు ఫైలు) దించుకోకండి. అది సెంటాస్ 7 అనే లినక్స్ ఆధారంగా చేసింది, ఆ సెంటాస్‌కు అప్‌డేట్లు వచ్చే గడువు 2024 జూన్ 30తో తీరిపోయింది. ఫ్రీపీబీఎక్స్ 17వ వెర్షన్‌ను డెబియన్ 12 మీద స్క్రిప్టుతో వేసుకోవచ్చు.

ఖాళీడెబియన్: నేను ఒప్పుకోను. 22 ఫోన్లకు అంత హంగామా ఎందుకు? పీజేసిప్‌కు (ఫోన్లను ఆస్టరిస్క్‌తో కలిపే భాగం) ఒక ఫైలు, డయల్‌ప్లాన్‌కు ఒకటి. మా ఇంట్లో రాస్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ మీద ఆరేళ్లుగా నడుస్తోంది. అదే పని చేసిన పాత భాగం చాన్‌సిప్ పాఠాలు మాత్రం చదవకండి, ఆస్టరిస్క్ 21లో దాన్ని తీసేశారు.

తీగలాయన: మీ ఇంట్లో ఆగిపోతే విసుక్కునేది మీరొక్కరే కదండీ! అయితే మీ మాటలో సగం నిజం. తెనాలి వారూ, ముందు ఒక ఆదివారం పాత కంప్యూటర్‌లో చేత్తో రెండు ఫోన్లు కలిపి చూడండి. తర్వాత ఫ్రీపీబీఎక్స్ రాసిన ఫైలు తెరిచినా కంగారు పుట్టదు.

ల్యాండ్‌లైన్లకు కంప్యూటర్ లోపల కార్డు పెట్టకండి. లినక్స్ కెర్నెల్ మారితే ఆ కార్డును నడిపే దాడీ డ్రైవరు మళ్లీ కట్టుకోవలసి వస్తుంది. రెండు ఎఫ్ఎక్స్ఓ పోర్టుల (ల్యాండ్‌లైను తీగ గుచ్చేవి) గేట్‌వే, అంటే ఆ లైన్లను నెట్‌వర్క్‌కు కలిపే పెట్టె, కొనండి. ఈసారి లైను మీద పిడుగు పడితే ముందు దెబ్బ తగిలేది ఆ చిన్న పెట్టెకే.

తెనాలి22: చాలా థాంక్స్ అండి. రూటర్‌లో 5060 పోర్టు (ఇంటర్నెట్ ఫోన్ కాల్స్ వచ్చే దారి) తెరవాలా?

తీగలాయన: ఎందుకు? మీ లైన్లు తీగ మీద వస్తున్నాయి, ఫోన్లన్నీ భవనంలోనే ఉన్నాయి. తెరిస్తే ఎక్కడెక్కడివాళ్లో వచ్చి పాస్‌వర్డులు గుద్ది చూస్తారు. దొరికిందంటే విదేశాలకు వాళ్లు మాట్లాడుకుంటారు, బిల్లు మేనమామ గారికి వస్తుంది. మూసే ఉంచండి.